ఆదత్ ఒక్కనాడు పడదు: ‘ఎప్పుడంటె అప్పుడు బంద్ జేస్త’ అనే మాట ఎన్క ఏమున్నది?

మన ఊర్లల్ల ఏ పోరగాన్ని కదిలిచ్చినా ఒక్కటే మాట. “నాకేం ఆదత్ లేదన్నా, ఊకె అప్పుడప్పుడు. ఎప్పుడంటె అప్పుడు బంద్ జేస్త.” అంబర్ నోట్లె ఏస్కునేటోడు గదే అంటడు. ఐతారం ఐతారం బీరు తాగేటోడు గదే అంటడు. ఫోన్ల బెట్టింగ్ పెట్టేటోడు సుత గదే అంటడు. వాళ్లు అబద్ధం చెప్తున్నరని నేను అనుకోను. వాళ్లకు నిజంగనే అట్ల అనిపిస్తది. అసలు ముచ్చట గాడనే ఉన్నది.

ఊరు మాత్రం రెండే తీర్పులు చెప్తది. ఒకటి, “వానికి బుద్ధి లేదు.” రెండోది, “సోపతి కరాబ్.” రెండిట్ల కొంత నిజం ఉన్నా, ఈ తీర్పులతోని ఇయ్యాల్టి దాంక ఒక్కని ఆదత్ పోయింది నేను చూడలె. ఆదత్ ఎట్ల ఎక్కుతదో ఎరుకైతెనే ఎట్ల దించాల్నో ఎరుకైతది. అందుకే మెదడు గురించి సైంటిస్టులు తెలుసుకున్నది మన ఊరి భాషల జర విప్పి చెప్పాలనుకుంటున్న.

మొదటిసారి ఎవ్వనికీ రుచి ఉండదు

మొదటి సిగరెట్ తాగినోడు దగ్గి దగ్గి కండ్లల్ల నీళ్లు తెచ్చుకుంటడు. మొదటిసారి తంబాకు ఏస్కున్నోనికి తల తిరుగుతది, కడుపుల తిప్పుతది. మొదటి బీరు చేదు. మరి రుచి లేనిదాన్ని రెండోసారి ఎందుకు ముట్టుకుంటడు?

ఎందుకంటె మొదట దొరికేది మత్తు కాదు, మన్నన. పదో తరగతి పోరడు ఆట అయినంక పెద్దోళ్ల నడుమ కూసుంటడు. ఒకడు పొట్లం చింపి చేతిల పోస్తడు. తీస్కుంటె “మనోడే” అంటరు. వద్దంటె “ఇంకా పాలు తాగుతున్నవారా” అని నవ్వుతరు. గా వయసుల గా నవ్వు నాయిన దెబ్బకంటె గట్టిగ తాకుతది. పెండ్లి బారాత్, దసరా, నిమజ్జనం, బర్త్‌డే దావత్, అన్ని తాన్ల గిదే తంతు. ఎలక్షన్లొస్తె సీసా పైసల్లేకుంటనే చేతికొస్తది. అంటె దోస్తానా కోసం మొదలైతది. మత్తు తన పని ఆ ఎన్క మొదలుపెడ్తది.

మెదడుల దీపం

మెదడుల డోపమిన్ అని ఒక రసాయనం ఉన్నది. చానామంది దాన్ని ‘సంతోషాన్నిచ్చే రసాయనం’ అంటరు. పూరాగ సరైన మాట కాదు. “గిది యాది పెట్టుకో, మల్ల కావాలె” అని మెదడుకు చెప్పే గంట అసొంటిది అది.

వోల్ఫ్రామ్ షుల్జ్ అనే సైంటిస్టు కోతుల మీద చేసిన ప్రయోగాలు 1990లల్ల బాగా పేరువడ్డయి. కోతి ముంగట ఒక దీపం వెలుగుతది, జరంత సేపటికి నోట్లె పండ్ల రసం చుక్క పడ్తది. మొదట్ల రసం పడ్డప్పుడు డోపమిన్ కణాలు చురుకైనయి. అలవాటైనంక రసం పడ్డప్పుడు కాదు, దీపం వెలిగినప్పుడే చురుకైనయి. దీపం వెలిగి రసం రాకపోతె మాత్రం, ఎప్పుడూ ఉండే చురుకు సుత పడిపోయింది.

మన ఊర్ల ఆ దీపం ఏంది? పాన్‌డబ్బ ముంగట ఏలాడే పొట్లాల దండ. కల్లు కంపౌండ్ కాడ గుడాల వాసన. దోస్తుగాని బండి సప్పుడు. చాయ్ గిలాస. మ్యాచ్ టాస్ పడే టైము. వీటిల ఒక్కటి కనవడ్డా, వినవడ్డా, పోరడు ఇంకా ఏం ఆలోచన చెయ్యకముందే మెదడు తయారైతది. అందుకే “ఇంట్లున్నప్పుడు యాదికే రాదన్నా, అడ్డ మీదికి పోతెనే మనసు గుంజుతది” అంటరు. అది సాకు కాదు. దీపం అడ్డ మీదనే ఉన్నది గద.

అమెరికాల టెరీ రాబిన్‌సన్, కెంట్ బెర్రిడ్జ్ అనే ఇద్దరు సైంటిస్టులు 1993ల ఇంకో మాట చెప్పిన్రు. మెదడుల నచ్చుడు వేరు, కావాలనిపించుడు వేరు. రెండు వేరువేరు తొవ్వలు. మత్తు వాడుకుంట పోయినకొద్ది నచ్చుడు అట్లనే ఉంటది, లేకుంటె తగ్గుతది. కావాలనిపించుడు మాత్రం పెరుగుతది. “మజా ఏం వస్తలేదు, అయినా తాగుతున్న” అని పాత తాగుబోతు చెప్పేది గిదే. “ఎప్పుడంటె అప్పుడు బంద్ జేస్త” అనేటోడు నచ్చుడును లెక్కేస్కొని మాట్లాడుతడు. గంత నచ్చుతలేదు గాబట్టి ఇడిచిపెట్టుడు అల్కగ ఉంటదనుకుంటడు. వాన్ని గుంజేది రెండోది. అది బయటికి కనవడది.

తక్కెడ, మిత్తి

మూడో మెట్టు పానంల జరుగుతది. మెదడు తక్కెడ అసొంటిది. ఒక దిక్కు రోజూ మత్తు బరువు ఏస్తుంటె, సమానం చేసుకునేతందుకు రెండో దిక్కు అది సుత బరువు ఏస్తది. మొదట ఒక్క బీరుకు వచ్చిన మత్తు తర్వాత మూడిటికి గాని రాదు. “నాకు ఎక్కదు, నా కెపాసిటీ వేరు” అని మనోళ్లు గర్వంగ చెప్పుకుంటరు. అది కెపాసిటీ కాదు, తక్కెడల రెండో దిక్కు బరువు పెరిగిందని గుర్తు.

మత్తు దిగినంక ఆ రెండో దిక్కు బరువు అట్లనే ఉంటది. చిరాకు, నిద్ర పట్టకపోవుడు, చేతులు వణుకుడు అన్ని గదే. పొగ పీల్చిన పది ఇరవై సెకండ్లల్ల నికోటిన్ మెదడుకు చేరుతది. రెండు గంటలల్ల రక్తంల సగానికి సగం దిగిపోతది. మనసు మల్ల గుంజుతది. ఇంకోటి తాగితె నిమ్మలమైతది. “టెన్షన్ తగ్గుతందుకు తాగుతున్న” అంటడు గాని, ఆ టెన్షన్ల ఎక్కువ వంతు పెట్టింది ముందు తాగిన సిగరెటే. ఒక్క సావుకారు కాడ్నే అప్పు తెచ్చి, వానికే మిత్తి కట్టినట్టు.

దీనికి మన తెలంగాణలనే పెద్ద సాక్ష్యం ఉన్నది: మందు కల్లు. చెట్టు మీదికెళ్లి దించిన కల్లు గురించి, కష్టపడి చెట్టెక్కే గీత కార్మికుని గురించి కాదు నేను అనేది. నీళ్లల్ల క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం కలిపి అమ్మే దాని గురించి. అల్ప్రాజోలం అంటె భయం, ఆందోళన ఎక్కువైన రోగికి డాక్టర్ సాబ్ మిల్లీగ్రాముల లెక్కన రాసిచ్చే గోలీ. 2015ల సర్కారు కల్తీ కల్లు మీద దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ దిక్కు వందల మంది దవాఖానలల్ల చేరిన్రు. చేతులు వణుకుడు, పిచ్చిపిచ్చిగ మాట్లాడుడు, ఫిట్స్. వాళ్లల్ల ఆడోళ్లు సుత ఉన్నరు. తాము తాగుతున్నది మందు అన్న సంగతే చానామందికి ఎరుక లేదు. వాళ్లందరికి బుద్ధి లేదంటమా? ఆదత్ పడాలంటె మనిషి చెడ్డోడు కావాల్సిన పని లేదు. లోపటికి పోయింది చాలు.

నోట్లె ఏం ఏస్కోకుంటనే

ఇగ ఫోన్ ముచ్చట. తాగకుంట, నమలకుంట సుత గిదే ఆదత్ పడ్తది. 2013ల అమెరికా మానసిక వైద్యుల సంఘం రోగాల జాబితా మల్ల రాసినప్పుడు జూదాన్ని మత్తు ఆదత్‌ల వరుసలనే చేర్చింది.

బి.ఎఫ్. స్కిన్నర్ అనే సైకాలజిస్టు పావురాల మీద ప్రయోగాలు చేసిండు. ముక్కుతోని మీట కొడితె గింజ పడ్తది. కొట్టిన ప్రతిసారి గింజ పడితె, పడుడు ఆగినంక పావురం తొందరగనే కొట్టుడు మానేస్తది. ఎప్పుడు పడ్తదో తెల్వకుంట చేస్తె మాత్రం, గింజలు పూరాగ బందైనా చానాసేపు కొడుతనే ఉంటది. బెట్టింగ్ యాప్ గా మీటే. మొదట బోనస్ అంటది. రెండు మూడు చిన్న గెలుపులు. అటెన్క “ఒక్క బాల్‌ల పోయిందిరా” అనే ఓటమి. అది ఓటమే గాని, మెదడుకు గెలుపు దగ్గరకొచ్చినట్టు అనిపిస్తది. ఆఖరికి ఆట గెలుపు కోసం ఉండదు, పోయిన పైసలు రాబట్టేతందుకు ఉంటది. తాగుబోతుకు కడుపు నిండుడు, మత్తెక్కి పడిపోవుడు అన్న హద్దన్నా ఉంటది. బెట్టింగ్‌కు అది సుత లేదు. ఒక్క రాత్రిల వడ్లమ్మిన పైసలు, చెల్లె పెండ్లికి దాచిన పైసలు పోతయి. ఆ ఎన్క లోన్ యాప్‌లు, దోస్తుల కాడ అప్పులు, ఇంట్ల అబద్ధాలు.

తెలంగాణల 2017ల, ఆంధ్రల 2020ల పైసలు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు బంద్ చేసిన్రు. 2025 ఆగస్టుల పార్లమెంటు దేశం మొత్తానికి చట్టం చేసింది. చట్టం మంచిదే. అయినా లింకులు చేతులు మారుతనే ఉన్నయి. గుట్కా ముచ్చట చూస్తలేమా? నిషేధం ఉన్నా పాన్‌మసాలా పొట్లం ఒకటి, తంబాకు పొట్లం ఒకటి వేరువేరుగ అమ్ముతరు, కొన్నోడు కలుపుకుంటడు.

మనూరి వయసు పోరగాళ్లకే ఎందుకు?

బండికి ఇంజన్ ముందు బిగిచ్చి, బ్రేకులు కొన్నేండ్లకు బిగిస్తె ఎట్లుంటది? పదారేండ్ల మెదడు అట్లనే ఉంటది. ఉత్సాహం, కోరిక, దోస్తుల మెప్పు పుట్టే భాగాలు ముందుగాలనే జోరుమీద ఉంటయి. ఆగు, ఆలోచించు అని చెప్పే నుదురు ఎన్క భాగం పూరాగ తయారయ్యేటాళ్లకు ఇంచుమించు ఇరవై అయిదేండ్లు వస్తయి. పైగ లేత మెదడు తొందరగ నేర్సుకుంటది. ఈత, సైకిల్, భాష ఎంత తొందరగ వస్తయో, ఆదత్ సుత అంతే తొందరగ వస్తది. 1997ల అచ్చయిన ఒక అమెరికా సర్వేల పదిహేనేండ్ల లోపల తాగుడు మొదలుపెట్టినోళ్లల్ల నూటికి 40 మంది ఎప్పుడో ఒకప్పుడు తాగుడుకు బానిసలైనట్టు తేలింది. ఇరవై దాటినంక మొదలుపెట్టినోళ్లల్ల నూటికి 10 మంది. చిన్నప్పుడే తాగేటోళ్ల ఇండ్లల్ల బాధలు సుత ఎక్కువుంటయి, కాబట్టి తేడా మొత్తం వయసుదే అనలేం. అయినా ఎంత ఆలస్యమైతె అంత మేలు అన్న మాటకు తిరుగు లేదు.

“మా దోస్తు పదేండ్ల సంది తాగుతున్నడు, వానికేం కాలె” అంటరు. నిజమే. అందరికి పడదు. 2011ల వచ్చిన ఇంకో అమెరికా అధ్యయనం లెక్కన, జీవితకాలంల ఆదత్ల పడే అవకాశం తంబాకు మొదలుపెట్టినోళ్లల్ల మూడింట రెండు వంతుల మందికి, మందు తాగినోళ్లల్ల అయిదుగురిల ఒకనికంటె జర ఎక్కువ, గంజాయి తాగినోళ్లల్ల పదకొండు మందిల ఒకనికి. ఎవ్వలకు పడ్తదో సగం దాంక వంశం నుంచి వస్తది, మిగిలింది బతుకు నుంచి వస్తది. ఇంట్ల తాత, నాయిన తాగుడుకు బానిసలైతె నీకు ప్రమాదం ఎక్కువ. ముందుగాల చూసి చెప్పే పరీక్ష లేదు. ఆడి చూస్తెనే తెలుస్తది, తెలిసేటాళ్లకు ఆట నీ చేతిల ఉండదు.

బతుకు నుంచి వచ్చేది మన ఊర్లల్ల తక్కువేం లేదు. డిగ్రీ అయిపోయింది, నోటిఫికేషన్ రాదు. వచ్చినా కోర్టుల పడ్తది. ఎవుసం చెయ్యమంటె నాయినకే గిట్టుబాటు లేదు. లైబ్రరీకి తాళం, గ్రౌండ్ల వడ్లు ఆరబోస్తరు. పొద్దుగాల్నుంచి మాపటీలి దాంక ఖాళీ టైము, చేతిల ఫోను. గా ఖాళీల మత్తు అడ్డొకటే రోజూ తెరిచి ఉంటది.

నలభై ఒక్క రోజుల రహస్యం

మన ఊర్లల్ల ఒక వింత అందరం చూస్తం. ఏండ్ల సంది తాగేటోడు అయ్యప్ప మాల ఏస్కుంటడు. 41 రోజులు సుక్క ముట్టడు. మాల తీసిన రెండో రోజు మల్ల అడ్డ మీదనే ఉంటడు. “చూసిన్రా, కావాలంటె ఉండగలడు, బలుపు” అని ఊరు తీర్పిస్తది.

నేను దాన్ని వేరేగ చూస్త. ఆ 41 రోజులు వాడు ఒక్క మనసు గట్టితనం మీదనే ఉండలె. బట్టలు మారినయి. పడుకునే తావు మారింది. పొద్దుగాల నాలుగింటికి లేచి చన్నీళ్ల స్నానం, సాయంత్రం భజన. సోపతి మొత్తం స్వాములే. నిన్నటిదాంక ‘అరేయ్’ అన్నోడు ఇయ్యాల ‘స్వామీ’ అని దండం పెడ్తడు. బార్ ముంగట నిలవడితె ఊరు ఊకోదు. అంటె దీపాలన్ని ఆర్పేసిన్రు, మన్నన వేరే తొవ్వల దొరికింది. 41 రోజులు అయినంక అవే బట్టలు, అదే అడ్డ, అదే సోపతి. దీపాలన్ని మల్ల వెలిగినయి.

గిట్లాంటిదే పెద్ద ఎత్తున అమెరికాల చూసిన్రు. వియత్నాం యుద్ధంకు పోయిన సిపాయిలల్ల ఇంచుమించు నూటికి ఇరవై మంది ఆడ హెరాయిన్‌కు బానిసలైన్రు. 1971ల ఇంటికి తిరిగొచ్చినోళ్లను లీ రాబిన్స్ అనే పరిశోధకురాలు వెంబడి ఉండి చూసింది. ఆడ బానిసలైనోళ్లల్ల ఏడాది లోపల మల్ల ఆదత్ల పడ్డది నూటికి అయిదుగురే. యుద్ధం, ఆ తావు, ఆ సోపతి ఎన్కనే ఉండిపోయినయి.

మాల మనకు చెప్పేది గిదే. మారాల్సింది మనిషి చుట్టుపక్కల. గా 41 రోజుల ఏర్పాటును మాల లేకున్నా, మాల తీసినంక సుత, ఎట్ల నిలబెట్టాలె అని ఆలోచించాలె.

మరి ఏం చెయ్యాలె?

మొదలు నిన్ను నువ్వు అడుగు తమ్మీ. అనుకున్నదానికంటె ఎక్కువ అయితున్నదా? పాత లెక్క సరిపోతలేదా? దొరకని రోజు చిరాకు లేస్తున్నదా? ఇంట్ల దాస్తున్నవా, అప్పు చేస్తున్నవా? ఆట, చదువు, పని ఏదన్న ఇడిచిపెట్టినవా? రెండిటికి ‘ఔ’ అంటె ఇప్పుడే మేల్కొనే టైము. ఇంకా రెండేండ్లు పోతె గింత అల్కగ ఉండదు.

దీపాలు ఆర్పు. తొవ్వ మార్చు, గ్రూపుల నుంచి బయటికి రా, యాప్ తీసెయ్యి, ఫోన్ పైసలు కొన్నాళ్లు అవ్వ చేతిల పెట్టు. మనసు గుంజుడు అల లెక్క వస్తది, చానాసార్లు ఇరవై ముప్పై నిమిషాలల్ల దిగుతది. గా టైముల ఒక్కనివి ఉండకు. ఖాళీని ఖాళీగ ఇడిస్తె అది మల్ల దానితోనే నిండుతది. వాలీబాల్ కానీ, జిమ్ కానీ, పని కానీ, ఏదో ఒకటి ఆ టైముకే పెట్టుకో.

ఒక్క సంగతి మాత్రం మర్వకుండ్రి. రోజూ తాగేటోడు, పొద్దుగాల్నే చేతులు వణికేటోడు, మందు కల్లుకు అలవాటైనోడు ఒక్కపారి సొంతంగ బంద్ చెయ్యొద్దు. రెండు మూడు రోజులల్ల ఫిట్స్ రావొచ్చు, మతి తప్పొచ్చు, పానం సుత పోవొచ్చు. అర్రల ఏసి గొళ్లెం పెట్టుడు, కట్టేసి కొట్టుడు వైద్యం కాదు. జిల్లా దవాఖానల మానసిక వైద్యుని కాడికి తోల్కపోండ్రి. మందులతోని మెల్లగ దించుతరు.

ఎవ్వలకు చెప్పుకోవాల్నో తెల్వకపోతె 14416కు ఫోన్ చెయ్యుండ్రి. సర్కారుది, పైసలు పడయి, రాత్రి పగలు పనిచేస్తది, తెలుగుల మాట్లాడుతరు. మత్తు ఆదత్‌కు ప్రత్యేకంగ 14446 ఉన్నది. దవాఖానకు పోతె పోలీసులు పట్టుకపోతరన్న భయం చానామందికి ఉన్నది. ఎన్‌డీపీఎస్ చట్టంల 64ఏ సెక్షన్ ఉన్నది. తాగుతందుకు కొద్దిగ పెట్టుకొని దొరికిన బానిస, తనంతట తాను సర్కారు గుర్తించిన కేంద్రంల వైద్యానికి పోతె వాని మీద కేసు నడవకుంట అది రక్షణ ఇస్తది.

2019ల బయటికొచ్చిన ఎయిమ్స్ దేశవ్యాప్త సర్వేల తాగుడుకు బానిసలైన 38 మందిల ఒక్కనికే ఏదో ఒక వైద్యం అందుతున్నదని తేలింది. మిగిలిన 37 మందికి మందు లేక కాదు. సిగ్గు అడ్డం వస్తది. ఊరి నవ్వు అడ్డం వస్తది. మానినోడు మల్ల ఒకపారి తప్పితె “నాకు తెల్సు వీడు గింతే” అనే మాట అడ్డం వస్తది. బీపీ మల్ల పెరిగితె డాక్టర్ కాడికి మల్ల పోతం గాని, బీపీ ఉన్నోన్ని ఎక్కిరియ్యం గద. ఇది సుత అంతే. తప్పితె మల్ల మొదలు పెట్టాలె, అంతకు ముందు ఉన్న రోజులు యాడికీ పోవు.

పదో తరగతి పోరనికి చేతిల పొట్లం పోసేది మనల ఒకడే. “మనోడే” అన్న మాటకు వాడు ఆశపడ్డడు. గా మాట వానికి వాలీబాల్ కోర్టుల, లైబ్రరీ అరుగు మీద, పొలం పని కాడ దొరికేతట్టు చేసేది సుత మనమే. ఊర్ల ఇరవై మంది పోరగాళ్లు కూడితె లైబ్రరీ తాళం తీపియ్యడానికి సర్పంచ్ కాడికి ఒక్క దరఖాస్తు చాలు.